తపాలా బిళ్ళంత రిజిస్టరు

సుధీంద్రకి కంప్యూటర్లు చెడిపోవడమంటే లోలోపల ఇష్టం. బాగుచేయడం ఇష్టమని పైకి చెప్పుకునేవాడు కానీ, పదహారేళ్ళుగా కాపురం చేస్తున్న రేవతికి అసలు సంగతి తెలుసు. చక్కగా పనిచేసే యంత్రం ముందు ఆయన పది నిమిషాలు కుదురుగా కూర్చోలేడు. మొరాయించిన యంత్రం దొరికిందా, ఇక అన్నం కూడా గుర్తుకురాదు.

కేంద్ర ప్రభుత్వంలో టెక్నికల్ అసిస్టెంటు. ఆర్.కె. పురం సెక్టార్ నాలుగులో రెండో అంతస్తు క్వార్టరు. ఆఫీసులో అందరితోపాటు విండోస్ వాడక తప్పదు గానీ, ఇంట్లో మాత్రం లినక్స్. ముక్కూమొహం తెలియని మనుషులు ఎక్కడెక్కడో కూర్చుని కలిసి రాసి, లోపలి కోడంతా బయటపెట్టి, ఉచితంగా ఇచ్చేసిన ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఆయనకి భక్తి. ఆ భక్తులకో మెయిలింగ్ లిస్టు ఉంది. చిక్కొచ్చినవాడు లిస్టుకి ఉత్తరం రాస్తాడు, తెలిసినవాడు జవాబిస్తాడు. జవాబు అందుకున్నవాడు ఊరికే పోకూడదు. మిషన్‌ని మళ్ళీ మొదటినుంచి నడిపి, చిక్కు మళ్ళీ వస్తుందో లేదో చూసి, మిషన్ తనే రాసుకునే చిట్టా, ఆ లాగ్ అంతా లిస్టుకి రాయాలి. అది అక్కడి మర్యాద. పని కానిచ్చుకుని చల్లగా జారుకునేవాళ్ళంటే సుధీంద్రకి ఒళ్ళు మంట.

2006 జూన్‌లో ఒక శనివారం పొద్దున్న సరళకుమారి వచ్చింది. చేతిసంచీలోంచి రుమాలు, ఆ రుమాలులోంచి నీలం రంగు పెన్ డ్రైవ్ తీసింది.

"అన్నయ్య గారూ, ఎక్కడ పెట్టినా ఫార్మాట్ చెయ్యమంటోందండి. సైబర్ కేఫ్ కుర్రాడు ఓకే నొక్కబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. నెహ్రూ ప్లేస్ కంప్యూటర్ బజారులో అయితే అసలు కనబడటమే లేదన్నారు. సోమవారం పదకొండింటికి ఎంక్వయిరీ. నాకు దీంట్లో ఉన్నవి తప్ప ఇంకేం లేవు."

సరళకుమారి నోట ఈ అన్నయ్య అనే పిలుపు ఉత్తపుణ్యానికి రాలేదు. రెండేళ్ళ క్రితం సుధీంద్ర తల్లి కాంతమ్మ గారు పక్షవాతంతో మంచాన పడ్డప్పుడు, అప్పట్లో పక్కనే మొహమ్మద్‌పూర్‌లో అద్దెకున్న ఈ బాపట్ల అమ్మాయి ఆరు నెలలపాటు రోజూ వచ్చి ఇంజక్షన్ చేసింది. పైసా పుచ్చుకోలేదు. సూది ఎక్కించేముందు మందు సీసాని కిటికీ వెలుగులో పట్టుకుని పేరు చదివేది. మందు లాగాక మళ్ళీ చదివేది. ఆఫీసుకి ఆలస్యమవుతున్న సుధీంద్ర ఒకరోజు విసుక్కున్నాడు కూడా.

"నిన్నటి మందే కదమ్మా, మొన్నటిదీ అదే. ఎన్నిసార్లు చదువుతావ్?"

"రెండుసార్లండి," అంది సరళకుమారి ఆ విసుగు తనది కానట్టు. "చదవకుండా చెయ్యి కదలదు నాకు."

తర్వాత ఆ కుటుంబం జనక్‌పురికి మారింది. భర్త పౌలురాజు ఘాజియాబాద్‌లో ఒక ఫ్యాక్టరీ సూపర్‌వైజరు. సరళకుమారి అటు పశ్చిమ ఢిల్లీలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో స్టాఫ్ నర్సుగా చేరింది. ఇప్పుడు ఆ ఉద్యోగానికే ఎసరొచ్చింది.

జరిగింది ఇది. ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం ప్రసవమైన పిల్ల ఒకర్తెకి రక్తం ఆగలేదు. ఇరవై ఆరేళ్ళు. సరళకుమారి డాక్టరు గారికి రెండూ పదికి ఫోన్ చేసింది, రెండూ ఇరవై అయిదుకి చేసింది, మూడింటికి పది నిమిషాలుండగా చేసింది. డాక్టరు గారు మూడూ నలభైకి వచ్చారు. అప్పటికి ఆ పిల్ల లేదు. ఫోన్ చేసిన ప్రతిసారీ సరళకుమారి వార్డు రిజిస్టరులో టైము వేసి సంతకం చేసింది. ఆ సాయంత్రం సీనియర్ సిస్టర్ మాణిక్యాంబ ఆవిణ్ణి పక్కకి పిలిచి, "ఈ రిజిస్టరు ఎన్నాళ్ళుంటుందో నాకు నమ్మకం లేదు, ఫొటో తీసిపెట్టుకో," అంది. సరళకుమారి చర్చివాళ్ళ కెమెరా అడిగి తెచ్చి, ఆ నెల పేజీలన్నీ తీసింది. ముప్ఫై ఎనిమిది ఫొటోలు. సైబర్ కేఫ్‌లో పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకుంది. కెమెరాలో కార్డు ఆ ఆదివారం ఎవరిదో పెళ్ళికోసం ఖాళీ చేశారు. మే నెలలో వార్డులోకి కొత్త రిజిస్టరొచ్చింది. అందులో అదే తేదీ, అదే పిల్ల పేరు, డాక్టరుకి మొదటి ఫోన్ మూడున్నరకి. కింద సరళకుమారి సంతకం, ఆవిడ చెయ్యనిది. మాణిక్యాంబ ఉద్యోగం మానేసి కేరళలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది, ఫోన్ ఎత్తడం లేదు.

నర్సు సకాలంలో కబురు చేయలేదు, అందుకే రోగి చనిపోయింది అని నర్సింగ్ హోమ్ వాదన. అది నిలబడితే ఉద్యోగంతో పోదు. నర్సింగ్ కౌన్సిల్‌కి రాసి నర్సు లైసెన్సు తీయించేస్తారు.

"వదిలెయ్యమ్మా, నేను చూసుకుంటాను," అన్నాడు సుధీంద్ర. "విండోస్‌కి చాతకాకపోతే చాతకాలేదని చెప్పదు, ఫార్మాట్ చేసెయ్యమంటుంది. లినక్స్ అలా కాదు, ఎక్కడ నొప్పో చెబుతుంది."

చెప్పేటప్పుడు ఆయన కళ్ళు మెరిశాయి. ఆ మెరుపు చూసి సరళకుమారికి ధైర్యం వచ్చింది, రేవతికి దిగులేసింది.

శనివారమంతా దాంతోనే సరిపోయింది. పెన్ డ్రైవ్ గుచ్చితే దాని దీపం మూడుసార్లు ఆడి ఆరిపోయేది. తెర మీద నల్లటి కిటికీలో లాగ్ పరిగెత్తేది: కొత్త పరికరం వచ్చింది, పరికరం చిరునామా తీసుకోవడం లేదు, పరికరం చిరునామా తీసుకోవడం లేదు, వదిలేస్తున్నాను. సుధీంద్ర తీసి గుచ్చాడు. వెనకవైపు గుచ్చాడు. పెన్ డ్రైవ్‌లను చూసుకునే డ్రైవరు ప్రోగ్రాముని దించి మళ్ళీ ఎక్కించాడు. సిస్టమ్‌కి గుండెకాయలాంటి కెర్నెల్ మార్చి చూశాడు. మధ్యాహ్నానికి అరవైసార్లయినా గుచ్చి తీసుంటాడు. అది వేడెక్కుతోందని వేళ్ళకి తెలుస్తూనే ఉంది. జూన్ నెల, కూలరు నీళ్ళ గాలి కొడుతోంది, ఢిల్లీలో ఏది వేడెక్కదు అనుకున్నాడు.

డ్రైవరు తప్పే అయ్యుండాలని ఆయన నమ్మాడు. నమ్మాడనడం కన్నా కోరుకున్నాడనడం సబబు. డ్రైవరు తప్పయితే వెతికి పట్టుకోవచ్చు, పట్టుకుంటే లిస్టులో నలుగురికీ చెప్పొచ్చు. పెన్ డ్రైవే చచ్చిపోతోందంటే అందులో చెప్పుకోడానికేముంది?

సాయంత్రం నాలుగింటికి లిస్టుకి వివరంగా ఉత్తరం రాశాడు. ఆదివారం పొద్దున్న లేచేసరికి జవాబొచ్చింది. ఏ దేశంవాడో, పేరు కూడా పూర్తిగా లేదు, చిన్న అక్షరాలతో రెండు ముక్కలు రాశాడు. వేగంగా మాట్లాడే యూఎస్‌బీ డ్రైవరుని తీసెయ్యి, పాత నిదానం డ్రైవరు ఒక్కదాన్నే ఉంచి చూడు. పనిచేస్తే, తాజాగా బూట్ చేసి, పనిచేయనప్పటి చెడ్డ లాగ్, పనిచేసినప్పటి మంచి లాగ్ రెండూ పంపు, ఏం చేయాలో చూద్దాం.

సుధీంద్ర పళ్ళు తోముకోకుండా కూర్చున్నాడు. వేగం డ్రైవరుని దించాడు. పెన్ డ్రైవ్ గుచ్చాడు. దీపం ఆడింది. ఆరలేదు. ఆడుతూనే ఉంది.

"రేవతీ!" అని కేక పెట్టాడు.

ఆవిడ చేతి పిండి దులుపుకుంటూ వచ్చింది. తెర మీద ఫోల్డరు తెరుచుకుని ఉంది. ఖాళీ చతురస్రాలు వరసగా నిలబడి, ఒక్కొక్కటీ నిదానంగా బొమ్మగా మారుతోంది. తెల్ల కాయితం మీద గీతలు, పక్కన ఇంకో తెల్ల కాయితం. ముప్ఫై ఎనిమిదీ వచ్చేశాయి. రేవతి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పక్కగదిలోంచి కొడుకు ఆదిత్య తొంగిచూసి, "హో గయా క్యా, పాపా?" అని, అయిందా అన్నట్టు అడిగి వెళ్ళిపోయాడు.

"ముందు అవి మన దాంట్లోకి దించెయ్యండి," అంది రేవతి.

"ఎక్కడికి పోతాయే? దారి తెలిసిపోయిందిగా. ఒక్క పని ఉంది, అది చూసుకుని దించుతాను."

"ఆ పనేదో తర్వాత చూసుకోకూడదా?"

"నీకు తెలీదు. వాడు రాత్రి మేలుకుని జవాబు రాశాడు. వాడు పడుకోకముందే లాగ్ పంపాలి. ఆ మాత్రం మర్యాద లేకపోతే ఎలా?"

రేవతి ఫోన్ అందుకుంది. చర్చిలో ఆరాధన నడుస్తూ ఉంటుంది, సరళ ఫోన్ ఆపేసి ఉంటుంది అని, పౌలురాజు నంబరుకి చేసి తెరుచుకుందని చెప్పింది. అవతల పౌలురాజు "దేవునికి స్తోత్రం" అన్నది సుధీంద్రకి కూడా వినబడింది.

నిదానం డ్రైవరే అయినా ఆ ఫొటోలన్నీ దించుకోడానికి ఒక్క నిమిషం, మహా అయితే రెండు నిమిషాలు పట్టేది. ఈ లెక్క సుధీంద్ర తర్వాత చాలాసార్లు వేసుకున్నాడు. పైగా ఏం ముట్టుకునే ముందయినా డేటా కాపీ చేసుకోవాలని, ఆఫీసులో కొత్తవాళ్ళకి తను స్వయంగా టైపు చేసి పంచిన కాయితంలో మొదటి వాక్యం. ఆ కాయితం అప్పుడు కూడా ఆ బల్ల మీదే ఉంది, మంచినీళ్ళ గ్లాసు కింద.

పెన్ డ్రైవ్‌ని సిస్టమ్ నుంచి విడదీసి పద్ధతిగా అన్‌మౌంట్ చేశాడు. అందులో మాత్రం ఏ లోపం చేయలేదు. బయటికి లాగి, మిషన్‌ని రీబూట్ చేశాడు. వేగం డ్రైవరు మళ్ళీ తనంతట తనే ఎక్కింది. చెడ్డ లాగ్ కోసం పెన్ డ్రైవ్ గుచ్చాడు.

దీపం వెలగలేదు.

తీసి గుచ్చాడు. వేగం డ్రైవరుని దించి గుచ్చాడు. వెనక గుచ్చాడు. లాగ్‌లో ఒక్క గీత కూడా కదల్లేదు. చిరునామా తీసుకోవడం లేదన్న మాట కూడా లేదిప్పుడు. అసలక్కడ ఏదో గుచ్చినట్టే మిషన్‌కి తెలియడం లేదు. పెన్ డ్రైవ్‌ని అరచేతిలో పట్టుకున్నాడు. కాలింది. కాసేపు చల్లారనిచ్చి మళ్ళీ గుచ్చాడు. ఫ్రిజ్‌లో పెట్టి తీసి గుచ్చాడు. ఆయన వీపు చూసి రేవతికి అర్థమైపోయింది. వంటింట్లోకి వెళ్ళి స్టవ్ ఆపేసి, అక్కడే పీట మీద కూర్చుండిపోయింది.

ఒంటిగంటకి సరళకుమారి చర్చి చీరతోనే వచ్చింది, చేతిలో కేకు డబ్బా. వెనక పౌలురాజు. ఇద్దరి మొహాలూ వెలిగిపోతున్నాయి. ఆ మొహాలు చూసిన క్షణం సుధీంద్ర ఏదైనా అబద్ధం వెతుక్కున్నాడు. పెన్ డ్రైవ్ పాడైపోయింది, నేనేం చేయగలను అంటే చాలు. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. కానీ రేవతి గుమ్మంలో నిలబడి ఉంది.

చెప్పాడు. తెరుచుకుందని, రీబూట్ చేశానని, మళ్ళీ తెరుచుకోలేదని.

"తెరుచుకున్నాక ఎందుకు ఆపారండి?" అంది సరళకుమారి. కోపం లేదు ఆ గొంతులో, అర్థం కాలేదంతే.

"లిస్టుకి జవాబు రాయాలి కదా... లాగ్ పంపాలి. సాయం చేసినవాళ్ళకి."

"ఎవరండి వాళ్ళు?"

ఎవరో సుధీంద్రకీ తెలియదు.

పౌలురాజు పెన్ డ్రైవ్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "నెహ్రూ ప్లేస్ ఇవాళ బంద్," అన్నాడు.

అప్పుడు సుధీంద్రకి ఒకటి తట్టింది. ఫోల్డరు తెరిచినప్పుడు ఆ చిన్న బొమ్మలు చూపించడానికి కంప్యూటరు వాటిని తయారుచేసి తన దగ్గర దాచుకుంటుంది. గబగబా వెతికాడు. ఉన్నాయి. ముప్ఫై ఎనిమిది, ఒక్కొక్కటీ తపాలా బిళ్ళంత. ఒక్కొక్కటే తెర మీద పెద్దది చేస్తూ పదహారో బొమ్మకి వచ్చాడు. పెద్దదయ్యేకొద్దీ అది గళ్ళు గళ్ళుగా విడిపోయింది. బూడిదరంగు గీతలు, కుడివైపు అంచున ఒక దాని కింద ఒకటి మూడు మరకలు.

"ఇదే," అంది సరళకుమారి తెరకి దగ్గరగా వంగి. "ఇదేనండి. ఇదిగో రెండూ పది, డాక్టరు గారికి ఫోన్. ఇది రెండూ ఇరవై అయిదు, బీపీ ఎనభై బై యాభై, మళ్ళీ ఫోన్. ఇది రెండూ యాభై. మూడూ నా సంతకాలే. ఇక్కడ పెన్ను రాకపోతే రెండోసారి దిద్దాను చూడండి."

వేలు పెట్టి గడగడా చదివేసింది. సుధీంద్ర ఆ వేలి చివర చూశాడు. గళ్ళు తప్ప ఏమీ లేవు.

"మీకు కనబడుతోంది కదండీ?" అంది ఆవిడ ఆయనవైపు తిరిగి.

ఆ బొమ్మనే కాయితం మీద పెద్దగా ప్రింటు తీయించారు. సోమవారం సుధీంద్ర సెలవు పెట్టి సాక్షిగా వెళ్ళాడు. ఆటోలో సరళకుమారి ఒక్కటే అడిగింది. "నిన్న పొద్దున్న తెరుచుకున్నప్పుడు మీరు చూశారు కదా. ఆ ముక్క చెప్పండి చాలు." చూశాను, చెబుతాను అన్నాడాయన.

నర్సింగ్ హోమ్ మూడో అంతస్తులో ఏసీ గది. ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఆయన నర్సింగ్ హోమ్ తరపు వకీలు, తెల్లజుట్టు, మెత్తటి మాట. ప్రింటు కాయితాన్ని ముందు దగ్గరగా, తర్వాత చెయ్యి చాపినంత దూరంలో పట్టుకుని చూశాడు. పక్కవాళ్ళకి ఇచ్చాడు. అది చుట్టూ తిరిగి మళ్ళీ బల్ల మీదకి వచ్చింది.

"ఇస్‌మే తో కుఛ్ భీ నహీఁ హై," అన్నాడు, ఇందులో ఏమీ లేదే అన్నట్టు పెదవి విరిచి.

సుధీంద్ర లేచి నిలబడి, అసలు ఫొటోలు ఉండేవని, తన కంప్యూటరులో తెరుచుకున్నాయని, రిజిస్టరు పేజీలని, తను కళ్ళారా చూశానని చెప్పాడు. తేదీ చెప్పాడు. ఫైళ్ళ పేర్లు చెప్పాడు, ఒక్కొక్క ఫైలు ఎంత సైజో కూడా చెప్పాడు. వకీలు ఓపిగ్గా విని తలూపాడు.

"అచ్ఛా. ఆప్‌నే పఢా థా?"

చదివారా, అని అడిగాడంతే. ఏ పేజీలో ఏ టైము రాసుందో మీరు చదివారా.

సరళకుమారి ఆయనవైపు చూసింది. రెండూ పది, రెండూ ఇరవై అయిదు, రెండూ యాభై. సుధీంద్రకి నోటికి వచ్చు. నిన్న ఆవిడ వేలు పెట్టి చదివినవే. హాఁ అంటే చాలు. కానీ ఆదివారం పొద్దున్న ఆయన ఆ ముప్ఫై ఎనిమిదింటిలో ఒక్కదాన్ని కూడా తెరవలేదు. ఫైళ్ళు వచ్చాయా లేదా అని చూశాడు. ఎంత వేగంతో వస్తున్నాయో చూశాడు. అందులో ఏం రాసి ఉందో చూడాలని తోచనే లేదు. ఎవరి బతుకు ఉందో తెలిసి కూడా, వాటిని ఫైళ్ళుగానే చూశాడు.

"నహీఁ," అన్నాడు. "దేఖా థా. పఢా నహీఁ." చూశాను గానీ చదవలేదని.

ఇరవై ఏళ్ళుగా ఉన్నది ఉన్నట్టు రిపోర్టు రాసిన మనిషి. ఆ నిజాయితీ ఆయనకి బానే అచ్చొచ్చింది. ఆ గదిలో మాత్రం అది పనికొచ్చింది వకీలుకే. అతను థాంక్యూ అని, ఆ జవాబు రాసుకున్నాడు.

నిర్ణయం పోస్టులో పంపుతామన్నారు. కానీ కింద గేటు దగ్గర గార్డు సరళకుమారిని ఆపి, ఐడీ కార్డు ఇచ్చేసి వెళ్ళమని పైనుంచి ఫోనొచ్చిందన్నాడు. తల దించుకుని "సారీ, దీదీ" అన్నాడు. ఆవిడ మెడలోంచి తాడుతో సహా తీసి ఇచ్చింది.

బస్టాపు దాకా ముగ్గురూ నడిచారు. ఎండ మాడ్చేస్తోంది. పౌలురాజు నీళ్ళు కొనడానికి అవతలికి వెళ్ళాడు. సుధీంద్ర ఇప్పుడైనా ఏదో ఒకటి అనాలని చూశాడు.

"అమ్మా సరళా, రేపు ఆ పెన్ డ్రైవ్ నెహ్రూ ప్లేస్‌లో చిప్ తీసి చూసేవాళ్ళకి ఇస్తాను. ఒక్కోసారి..."

మర్నాడు ఇచ్చాడు కూడా. అక్కడి మనిషి అద్దంలోంచి చూసి, "చిప్ గయీ, భాయీ సాబ్," చిప్పే పోయిందని తిరిగి చేతిలో పెట్టాడు. అది మర్నాటి మాట. ఆ ఎండలో మాత్రం సరళకుమారి ఆయన్ని వాక్యం పూర్తి చేయనివ్వలేదు.

"మీరు అబద్ధం చెప్పలేదు. మంచిదేనండి. నాకోసం అబద్ధం చెప్పమని నేనూ అడగను." కొంగుతో మొహం తుడుచుకుంది. "అమ్మగారికి మందు ఎక్కించేటప్పుడు మీరు ఒకరోజు విసుక్కున్నారు, గుర్తుందాండి? రోజూ అదే సీసా. అయినా రోజూ రెండుసార్లు చదివేదాన్ని."

సుధీంద్ర తలూపాడు.

"మీరు ఒక్కసారి చదవాల్సింది, అన్నయ్య గారూ."

జనక్‌పురి బస్సు వచ్చింది. పౌలురాజు నీళ్ళ సీసాతో పరిగెత్తుకొచ్చి, ఆవిడ మోచెయ్యి పట్టుకుని ఎక్కించాడు. సుధీంద్ర వెళ్ళాల్సింది అటు కాదు. బస్సు కదిలేదాకా అక్కడే నిలబడ్డాడు. ఆవిడ కిటికీ పక్కనే కూర్చుంది గానీ ఇటు చూడలేదు.